లక్ష్మికి ఒత్తు తెగకుండా

మన ఊళ్లలో వినైల్ స్టిక్కర్ అనే మాట ఎవరి నోటా రాదు. రేడియం అంటే మాత్రం పిల్లలకు కూడా తెలుసు. ఆటో వెనక అద్దం మీద అమ్మానాన్నల పేర్లు, ట్రాక్టరు బానెట్ మీద హనుమంతుడు, మందుల షాపు గాజు తలుపు మీద ప్లస్ గుర్తు, అన్నీ రేడియమే. మేరీ క్యూరీ రేడియానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. చీకట్లో లైటు పడితే మెరిసే స్టిక్కర్ పేరు, మెరవని వాటికీ అంటుకుపోయింది. రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక కంప్యూటరు, గోడకు ఆనించిన రంగురంగుల రోళ్లు, మధ్యలో చిటపట శబ్దం చేస్తూ ముందుకూ వెనక్కూ కదిలే కటింగ్ ప్లాటర్: రేడియం షాపంటే ఇంతే.

ఈ పనిలోకి కొత్తగా దిగేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఏ మిషన్ కొనమంటారు?" రెండోది "రోలు ఎక్కడ చవక?" సాఫ్ట్‌వేర్ సంగతి మిషన్ ఇంటికొచ్చి, అట్టపెట్టె విప్పాక గుర్తొస్తుంది. డీలరు మనిషి వస్తాడు, పెన్‌డ్రైవ్‌లో ఉన్నదేదో ఎక్కిస్తాడు, ఇంగ్లిష్‌లో ఒక పేరు కత్తిరించి చూపించి టీ తాగి వెళ్లిపోతాడు. మర్నాడు మొదటి గిరాకీ వస్తుంది. "శ్రీ లక్ష్మీ నరసింహస్వామి ప్రసన్న అని రాయాలండి, బండి అద్దానికి." అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది.

నా పరీక్షా అలాగే మొదలైంది. మిత్రుడి కొట్టు గాజు తలుపుకి 'లక్ష్మి' అన్న పేరు కత్తిరించాను. తెర మీద అక్షరాలు ముచ్చటగా ఉన్నాయి. కత్తిరించాక అనవసరపు వినైల్‌ని పీకుతుంటే, దీన్నే వీడింగ్ అంటారు, మకారపు ఒత్తు 'క్ష'లోకి దూరిన చోట చిటికెడు ముక్క ఊడి నా వేలికి అంటుకుని వచ్చింది. ఎర్రటి అక్షరం నడుమ చిల్లు. బ్లేడు మొద్దుబారిందేమో అనుకుని మార్చాను. ప్రెషర్ పెంచాను. ఈసారి వెనకున్న కాగితం కూడా తెగింది, చిల్లు మాత్రం అక్కడే ఉంది. సగం రోలు వృథా అయ్యాక బుర్రకెక్కింది: మిషన్ తప్పు చేయలేదు. నేను పంపిన గీతల్నే పొల్లుపోకుండా కత్తిరించింది. ఒత్తు గీత అక్షరం గీతను దాటుకుని వెళ్తే, కత్తి కూడా దాటుకునే వెళ్తుంది.

అందుకే ఈ సమీక్షలో నా తూకపు రాళ్లు రెండే. తెలుగు ఒత్తునీ అక్షరాన్నీ కలిపి ఒకే బయటి గీతగా మార్చగలదా? ఆ గీతను కొలత మారకుండా కత్తి దాకా చేర్చగలదా? బొమ్మలు ఎంత అందంగా గీయొచ్చు, ఎన్ని రెడీమేడ్ డిజైన్లు ఇస్తారు అన్నవి వీటి తర్వాతే.

సాఫ్ట్‌వేర్ ప్రశ్న ఇప్పుడు బరువెక్కడానికి ఇంకో కారణం కూడా ఉంది. 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన కొత్త బండ్లకు హై సెక్యూరిటీ నంబరు ప్లేటు తప్పనిసరి అయ్యాక, చాలా షాపులకు అన్నం పెట్టిన నంబరు ప్లేట్ల పని కొత్త బండ్ల వరకూ చేజారింది. ఒకే రకం అంకెలు రోజంతా కత్తిరించే పనికి ఏ సాఫ్ట్‌వేర్ అయినా సరిపోయేది. ఇప్పుడు మిగిలినది పేర్లు, దేవుళ్లు, షాపు అద్దాలు, టీషర్టులు, పెళ్లి కారు మీద వధూవరుల పేర్లు. ఒక్కో గిరాకీకి ఒక్కో డిజైను. అందులో ఎక్కువ భాగం తెలుగు.

కత్తికి ఏం కనిపిస్తుంది

కటింగ్ ప్లాటర్ పెన్ ప్లాటర్ కడుపున పుట్టింది. ఇంజనీర్ల డ్రాయింగులు గీసే యంత్రంలో పెన్ను ఉండే చోట చిన్న బ్లేడు పెట్టారు. 1980ల మొదట్లో అమెరికాలో గెర్బర్ కంపెనీ తెచ్చిన సైన్‌మేకర్ యంత్రాలతో, బోర్డులు రాసే ఆర్టిస్టుల కుంచె పనిలో కొంత కత్తి చేతికి వెళ్లింది. యంత్రం మారినా మాట్లాడే భాష పాతదే. హ్యూలెట్ ప్యాకర్డ్ తన ప్లాటర్ల కోసం చేసుకున్న హెచ్‌పీజీఎల్‌నే నేటికీ చవక మిషన్లలో చాలా వరకు అర్థం చేసుకుంటాయి. రోలాండ్, గ్రాఫ్‌టెక్ లాంటి జపాన్ కంపెనీలకు సొంత యాసలున్నా మూలసూత్రం మారదు.

ఆ భాషలో మాటలు అతి తక్కువ. 'పీయూ' అంటే పెన్ను ఎత్తు, 'పీడీ' అంటే పెన్ను దించు, పక్కన ఎక్కడికి వెళ్లాలో రెండు అంకెలు. ఒక యూనిట్ 0.025 మిల్లీమీటరు. మిల్లీమీటరుకు 40 యూనిట్లు, అంగుళానికి 1016. పది సెంటీమీటర్ల గీత కావాలంటే 4000 యూనిట్లు నడవాలి. రంగు, నీడ, ముందూ వెనకా ఏవీ కత్తికి తెలియవు. వంపు కూడా దానికి చిన్నచిన్న తిన్నని గీతల వరసగానే అందుతుంది.

ఈ ఒక్క సంగతి మనసుకెక్కితే కొత్తవాళ్ల అవస్థల్లో సగం తీరుతుంది. నల్ల అక్షరం మీద తెల్ల గుండ్రం పెట్టి 'దాచేశాను' అనుకుంటాం. కత్తి రెండింటినీ కోస్తుంది. 5 మిల్లీమీటర్ల మందం పెట్టి ఒక గీత గీస్తే తెర మీద పట్టీలా కనిపిస్తుంది. కత్తి దాని నడుమ ఒక్క గాటు పెట్టి ఊరుకుంటుంది. పట్టీ కావాలంటే ఆ మందాన్ని ఆకారంగా మార్చాలి. ఇంక్‌స్కేప్‌లో దీని పేరు స్ట్రోక్ టు పాత్. డిజైను పూర్తయ్యాక తెరను ఒకసారి వైర్‌ఫ్రేమ్‌లోకి మార్చి చూడటం ఈ పనిలో అన్నిటికంటే విలువైన అలవాటు. కోరెల్‌డ్రాలో వ్యూ మెనూలో ఉంటుంది, ఇలస్ట్రేటర్‌లో కంట్రోల్ వై, ఇంక్‌స్కేప్‌లో ఔట్‌లైన్ మోడ్. రంగులన్నీ పోయి ఎముకల గూడు కనిపిస్తుంది. కత్తి చూసేది అదే.

బ్లేడు సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అది సాఫ్ట్‌వేర్ ఎంపికలోకి దూరుతుంది. ఈ మిషన్లలో బ్లేడు తనంతట తాను తిరగదు. బండి చక్రంలా వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది. బ్లేడు మొన, హోల్డర్ నడిమికి సరిగ్గా కింద కాక కొద్దిగా పక్కకు ఉంటుంది, మామూలుగా 0.25 మిల్లీమీటరు. మూల తిరిగేటప్పుడు ఆ తేడాను లెక్కలోకి తీసుకుని కొద్దిగా ముందుకెళ్లి తిరగాలి. ఈ సవరణ కొన్ని మిషన్లు చేస్తాయి, కొన్ని సాఫ్ట్‌వేర్లు చేస్తాయి. ఇద్దరూ చేస్తే మూలల దగ్గర చెవులు మొలుస్తాయి. ఎవరూ చేయకపోతే మూలలు అరిగిన నాణెంలా గుండ్రంగా వస్తాయి. ఏది చేస్తోందో తెలుసుకుని రెండోదాన్ని ఆపాలి. ఇక్కడ మన లిపికి ఒక అదృష్టం ఉంది. పదునైన మూలలు తక్కువ, అంతా వంపులే. ఈడ్చుకొచ్చే బ్లేడుకి వంపు సుఖం. ఇంగ్లిష్ 'ఎం' మూలల్లో తడబడే మిషన్ కూడా 'అ'ని హాయిగా తిరిగొస్తుంది. అయితే ఆ అదృష్టం ఒత్తుల దగ్గరికొచ్చేసరికి ఆగిపోతుంది.

ఒత్తులు, క్రావళ్లు

తెలుగు ఫాంట్లో అక్షరం ఒక ముక్క, ఒత్తు ఇంకో ముక్క, గుణింతపు గుర్తు కొన్నిసార్లు మూడో ముక్క. అచ్చులో అవి ఒకదాని మీదొకటి కొద్దిగా ఎక్కినా నష్టం లేదు. నలుపు మీద నలుపు పడితే నలుపే. కత్తికి అది కుదరదు. 'శ్రీ'లో క్రావడి అక్షరం అడుగును తాకే చోట, 'స్వాతంత్ర్య'లో రెండు ఒత్తులు ఒకదాన్నొకటి రాసుకునే చోట గీతలు అడ్డంగా దాటుతాయి. అందుకే టెక్స్‌ట్‌ని ముందు కర్వ్స్‌గా మార్చాలి, కోరెల్‌లో కంట్రోల్ క్యూ. తర్వాత ముక్కలన్నిటినీ అతికించాలి. కోరెల్‌లోనూ సిల్హూట్‌లోనూ దీన్ని వెల్డ్ అంటారు, ఇలస్ట్రేటర్‌లో పాత్‌ఫైండర్ లోని యునైట్, ఇంక్‌స్కేప్‌లో యూనియన్.

కోరెల్ వాడేవాళ్లు ఇక్కడ ఒక గోతిలో పడుతుంటారు. వెల్డ్ బదులు కంట్రోల్ ఎల్ కొడతారు. అది కంబైన్. కంబైన్ చేస్తే ముక్కలు ఒకే వస్తువు అవుతాయి గానీ గీతలు అలాగే ఉంటాయి. పైగా రెండూ ఒకదాని మీదొకటి పడిన చోట చిల్లు పడుతుంది. మొదట్లో చెప్పిన నా 'లక్ష్మి' చిల్లు అలా పుట్టిందే. రెండు బటన్లూ తెర మీద ఒకే ఫలితం ఇచ్చినట్టు కనిపించే సందర్భాలూ ఉన్నాయి, అందుకే పట్టుబడదు.

రెండో చిక్కు ఫాంట్ల ఎన్‌కోడింగ్. మన డీటీపీ లోకం దశాబ్దాల పాటు అను, శ్రీలిపి లాంటి ఫాంట్ల మీద బతికింది. వాటిలో తెలుగు ముక్కలు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. కంప్యూటరు దృష్టిలో అది తెలుగే కాదు. గిరాకీ వాట్సాప్‌లో పంపిన పేరు యూనికోడ్ తెలుగు. దాన్ని కాపీ చేసి అను ఫాంట్లో పెడితే పనికిరాదు, మళ్లీ టైపు చేయాలి, లేదా కన్వర్టర్‌లో వేయాలి. టైపు చేసేటప్పుడు 'ఋ' పోయి 'రు' వస్తుంది, దీర్ఘం ఎగిరిపోతుంది. గిరాకీ వచ్చి చూసి "మా అమ్మాయి పేరు ఇది కాదండీ" అంటే వినైల్ నష్టం షాపు వాడిదే. కాబట్టి యూనికోడ్‌ని నేరుగా తీసుకుని ఒత్తులు సరిగ్గా పేర్చగల సాఫ్ట్‌వేర్ కావాలి. కోరెల్‌డ్రాలో ఈ సామర్థ్యం 2012లో వచ్చిన ఎక్స్6తో మొదలైంది. అంతకు ముందు వెర్షన్లలో ఒత్తులు విడివిడిగా పడిపోతాయి. పాత ఎక్స్3తోనే నడుస్తున్న షాపులు అను ఫాంట్లను వదలలేకపోవడానికి మొండితనం ఒక్కటే కారణం కాదు. ఇలస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి ఇండిక్ ఆప్షన్లు చూపించమని టిక్ పెట్టి, దక్షిణాసియా భాషల కంపోజర్ ఎంచుకుంటేనే తెలుగు కుదురుగా కూర్చుంటుంది. ఇది తెలియక ఇలస్ట్రేటర్‌కి తెలుగు రాదని తిట్టుకునేవాళ్లు బోలెడంత మంది. ఇంక్‌స్కేప్‌లో ఏ సెట్టింగూ అక్కర్లేదు.

ఫాంట్లకు కరువేమీ లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమూ సిలికానాంధ్రా కలిసి విడుదల చేసిన రామభద్ర, ఎన్టీఆర్, మండలి, పొన్నాల, ధూర్జటి, గిడుగు వంటివి ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. వ్యాపారానికి వాడుకోవడానికి అనుమతి కూడా ఉంది. కటింగ్‌కి వీటిలో రామభద్ర లాంటి లావు అక్షరాలు పెళుసు పనిలో మనిషిని కాపాడతాయి. సన్నటి అక్షరాలు అద్దం మీద అందంగా ఉంటాయి గానీ రెండంగుళాల ఎత్తు కంటే తక్కువలో పీకుతుంటే తలకట్లు వినైల్‌తో పాటు లేచి వచ్చేస్తాయి. తలకట్టు అక్షరానికి అంటని ఫాంట్లు కూడా ఉన్నాయి. అలాంటి వాటిలో ప్రతి తలకట్టూ విడి ముక్క. అంటించేటప్పుడు అక్షరాలను ఎత్తి పట్టుకునే ట్రాన్స్‌ఫర్ టేప్‌కి ఒక్కటి అంటకపోయినా 'క' తల లేకుండా మిగులుతుంది.

బజార్లో దొరికేవి

మన షాపుల్లో రాజు కోరెల్‌డ్రానే. 1989 నుంచి ఉన్న సాఫ్ట్‌వేర్ ఇది. ఫ్లెక్సీ, పెళ్లి కార్డు, బిల్లు పుస్తకం, రేడియం, అన్నీ ఒకే చోట చేసే పనివాడికి ఇది చేతికి అలవాటైన పార. కొలతలు సూటిగా ఉంటాయి, వెల్డ్ ఎదురుగా ఉంటుంది, బొమ్మను గీతలుగా మార్చే పవర్‌ట్రేస్ ఎక్స్3 నుంచీ లోపలే ఉంది. దీని మీద నాకున్న అభ్యంతరం సాఫ్ట్‌వేర్ మీద కాదు, మనం దాన్ని సంపాదించే పద్ధతి మీద. క్రాక్ చేసిన కాపీలో వైరస్ వస్తే పోయేది పదేళ్ల సీడీఆర్ ఫైళ్లు. ఇప్పటికే కోరెల్ చేతి కింద ఉన్న షాపు, యూనికోడ్ వచ్చిన వెర్షన్ లైసెన్సు కొనుక్కోవడం మించి ఇంకేమీ మార్చనక్కర్లేదని నా తీర్పు.

ఆ షాపుల్లోనే కోరెల్ పక్కన ఆర్ట్‌కట్ కనిపిస్తుంది. చైనా మిషన్లతో వచ్చే కటింగ్ ప్రోగ్రామ్ ఇది. డిజైన్ కోరెల్‌లో చేసి, పీఎల్‌టీగానో ఈపీఎస్‌గానో సేవ్ చేసి, ఆర్ట్‌కట్‌లో తెరిచి, అక్కడి నుంచి మిషన్‌కి పంపడం ఇక్కడి సంప్రదాయం. ఇది పనిచేస్తుంది, కోట్ల స్టిక్కర్లు ఇలాగే అయ్యాయి. కానీ ప్రతి మధ్యమెట్టు దగ్గరా కొలత జారే అవకాశం ఉంటుంది, సరిచూసుకునే ఓపిక ఉండాలి. ఇటీవలి చైనా మిషన్లతో సైన్‌మాస్టర్ లాంటివి వస్తున్నాయి. వాటిలో వీడింగ్ గీతలు, ముక్కల వరస మార్చడం, చాలా పేర్లను రోలు మీద ఖాళీ లేకుండా సర్దడం లాంటి ఏర్పాట్లు ఉంటాయి. రోజుకు నాలుగు మీటర్లు కోసే షాపుకి ఆ సర్దుబాటు ఒక్కటే సాఫ్ట్‌వేర్ ఖర్చు రాబడుతుంది.

రోలాండ్, గ్రాఫ్‌టెక్ కొనేవాళ్లు అదృష్టవంతులు. ఆ కంపెనీలు ఇచ్చే ప్లగిన్లు, రోలాండ్‌కి కట్‌స్టూడియో, గ్రాఫ్‌టెక్‌కి కటింగ్ మాస్టర్, ఇలస్ట్రేటర్ లేదా కోరెల్ లోపలి నుంచే మిషన్‌కి పని పంపిస్తాయి. మధ్యలో ఫైలు మార్పిడి లేదు. ముద్రించి చుట్టూ కత్తిరించే ప్రింట్ అండ్ కట్ పని చేసేవాళ్లకు ఇలస్ట్రేటర్ ఆ దారిలో బలంగా ఉంటుంది. రోలాండ్ వెర్సావర్క్స్ లాంటి ప్రోగ్రాముల్లో 'కట్‌కాంటూర్' అనే పేరుతో స్పాట్ రంగు పెడితే, ఆ గీతను ముద్రించకుండా కత్తికి అప్పగిస్తుంది. స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తేడా వచ్చిందా, గీత అందంగా ముద్రణ అయిపోతుంది. నెలనెలా చందా కట్టడం కష్టమయ్యే చిన్న షాపుకి మాత్రం ఇలస్ట్రేటర్ అవసరం లేదు.

ఇంట్లో పెట్టుకునే చిన్న మిషన్ల లోకం వేరు. విదేశాల్లో ఉన్న మనవాళ్లు పిల్లల పుట్టినరోజుకి, సంక్రాంతి ముగ్గుల స్టిక్కర్లకి వాడేవి ఎక్కువగా ఇవే. క్రికట్ తన డిజైన్ స్పేస్ ద్వారా తప్ప నడవదు, దానికి ఖాతా, లాగిన్ కావాలి. 2021 మార్చిలో ఆ కంపెనీ, చందా కట్టనివాళ్లు నెలకు 20 సొంత డిజైన్లకు మించి ఎక్కించకూడదని ప్రకటించింది. కొన్నవాళ్లు భగ్గుమన్నారు. కొద్ది రోజులకే వెనక్కి తగ్గింది. తగ్గింది సరే, సొంత డబ్బుతో కొన్న మిషన్ మీద ఎన్ని స్టిక్కర్లు కోయాలో ఇంకొకరు నిర్ణయించగలరని ఆనాడు తేలింది. వ్యాపారం పెట్టదలచినవాళ్లు అలాంటి మిషన్ వైపు చూడొద్దనే నేనంటాను. గ్రాఫ్‌టెక్ బిడ్డ సంస్థ సిల్హూట్ ఆ మేరకు మర్యాదస్తురాలు. సిల్హూట్ స్టూడియో ఉచిత ఎడిషన్ ఇంటర్నెట్ లేకుండా పనిచేస్తుంది. కానీ ఉచిత ఎడిషన్ ఎస్వీజీ రకం ఫైలు తెరవదు, డీఎక్స్‌ఎఫ్ తెరుస్తుంది. ఎస్వీజీ కావాలంటే డిజైనర్ ఎడిషన్ కొనాలి. డీఎక్స్‌ఎఫ్‌లో వంపులు చిన్న గీతల ముక్కలుగా విరిగి రావడం మామూలు. ఆ విరుపు ఇంగ్లిష్ 'టీ'లో కనపడదు, మన 'ఠ'లో చక్రం నలిగినట్టు కనిపిస్తుంది. ఈ మిషన్ కొన్న తెలుగువాళ్లు డిజైనర్ ఎడిషన్‌కి పెట్టే డబ్బు వృథా కాదు.

నా ఓటు ఇంక్‌స్కేప్‌కి. 2003లో మొదలై, 2020లో 1.0 వెర్షన్‌కి చేరిన ఉచిత సాఫ్ట్‌వేర్. యూనికోడ్ తెలుగు తేలిగ్గా, వెల్డ్ ఒక్క మీట మీద, బొమ్మను గీతలుగా మార్చేందుకు పోట్రేస్, ఎస్వీజీ దాని మాతృభాష. అన్నిటికంటే ముఖ్యం, ఫైలును నేరుగా హెచ్‌పీజీఎల్‌గా సేవ్ చేస్తుంది. సేవ్ చేసేటప్పుడు వచ్చే పెట్టెలో రిజల్యూషన్ 1016 అని, బ్లేడు ఆఫ్‌సెట్ 0.25 అని, ఓవర్‌కట్ 1 మిల్లీమీటరు అని ముందే రాసి ఉంటాయి. ఓవర్‌కట్ అంటే మొదలుపెట్టిన చోటుకి వచ్చాక ఇంకొంచెం ముందుకు కోయడం. అది లేకపోతే ప్రతి సున్నా ఒక చిన్న దారంతో అంటుకుని ఉండిపోతుంది. ఇంక్‌కట్ అనే తోడు ప్రోగ్రామ్, సిల్హూట్‌ల కోసం విడిగా ఒక ఎక్స్‌టెన్షన్ కూడా ఉన్నాయి. లోపాలు లేవని కాదు. బరువైన ఫైళ్లకు నెమ్మదిస్తుంది. మిగతా ఊరంతా పంపే సీడీఆర్ ఫైళ్లు కొన్ని తెరుచుకుంటాయి, కొన్ని మొండికేస్తాయి. కోరెల్‌లో పదేళ్లు చెయ్యి తిరిగినవాడికి మొదటి రెండు వారాలు అత్తారింట్లో కొత్తకోడలు అవస్థే.

కొలత జారే చోట్లు

ఫైలు ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి వెళ్లేటప్పుడు జరిగే మోసం ఒకటి ఉంది. ఇలస్ట్రేటర్ ఎస్వీజీలో అంగుళానికి 72 యూనిట్లు లెక్కిస్తుంది. ఇంక్‌స్కేప్ 2017లో వచ్చిన 0.92 నుంచి 96 లెక్కిస్తుంది, అంతకు ముందు 90. ఇలస్ట్రేటర్‌లో 12 అంగుళాల పేరు ఇంకోచోట 9 అంగుళాలు అయి కూర్చోవడం ఈ లెక్క వల్లే. తెర మీద కనిపెట్టలేం. పేరు పక్కన సరిగ్గా 10 సెంటీమీటర్ల చదరం ఒకటి గీసి పంపండి. అవతల తెరిచాక దాన్ని కొలవండి. 7.5 వచ్చిందంటే కథ అర్థమైనట్టే. చదరాన్ని తర్వాత తీసేయొచ్చు. నేను మాత్రం దాన్ని పేరు చుట్టూ వీడింగ్ డబ్బాగా మార్చేస్తాను, పీకడానికి అంచు దొరుకుతుంది.

వాట్సాప్‌లో వచ్చిన లోగోను ట్రేస్ చేయడం మరో చిక్కు. నలిగిపోయిన జేపెగ్‌ని ట్రేస్ చేస్తే అంచు పొడవునా వందల నోడ్లు, అంటే గీతను పట్టి ఉంచే చుక్కలు, పడతాయి. గుండ్రానికి నాలుగు నోడ్లు చాలు. ఎక్కువైతే కత్తి ప్రతి నోడ్ దగ్గరా తడబడి అంచు రంపంలా వస్తుంది. నునుపు చేసే బటన్లు ఉన్నాయి గానీ అవి ఒత్తుల కొనల్ని కూడా నునుపు చేసేస్తాయి. లోగోలో తెలుగు ఉంటే ట్రేస్ మానేసి దగ్గరి ఫాంట్‌తో మళ్లీ టైపు చేయడం మేలు. బొమ్మ ఒక్కటే ఉంటే చేత్తో పైన గీసుకోవడం ఇరవై నిమిషాల పని. ట్రేస్‌ని బాగుచేయడానికి గంట పడుతుంది.

ఇక వైరు. ఈ చివరి గజం గురించి డీలర్లు మాట్లాడరు. చవక మిషన్లలో ఉన్నది లోపల సీరియల్ పోర్టే, పైకి యూఎస్‌బీ తొడుగు. విండోస్ దాన్ని ఒక కామ్ పోర్టుగా చూస్తుంది. ఆ పోర్టు నంబరు, 9600 లాంటి స్పీడు, ఫ్లో కంట్రోల్ రెండువైపులా ఒకటే ఉండాలి. ఫ్లో కంట్రోల్ అంటే మిషన్ "ఆగు, కడుపు నిండింది" అని కంప్యూటర్‌కి చెప్పుకునే మార్గం. అది కలవకపోతే చిన్న పేర్లు బాగానే తెగుతాయి, పెద్ద బొమ్మ సగంలో పిచ్చెక్కి గీతలన్నీ అడ్డంగా కోసేస్తుంది. జనం మెమరీ పోయిందని మిషన్‌ని రిపేరుకి తీసుకెళ్తారు. చాలాసార్లు పోయేది ఏమీ ఉండదు, ఒక సెట్టింగే. సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి: ఈ సెట్టింగులు కనిపించేలా ఉంచే ప్రోగ్రామ్, దాచిపెట్టి 'ఆటో' అనే ప్రోగ్రామ్ కంటే మంచిది.

టీషర్టు వినైల్ అద్దంలో చూసినట్టు తిరగేసి కోయాలి. ఆ మిర్రర్ బటన్ ప్రింట్ పెట్టెలోనే ఉండే సాఫ్ట్‌వేర్ అయితే మర్చిపోవడం తక్కువ. కబడ్డీ జట్టు పేరు తిరగబడిపోయిన పదకొండు చొక్కాలు నా అటక మీద ఇంకా ఉన్నాయి.

రెండు మూడు రంగుల పని గురించి వివరంగా చెప్పడానికి ఇక్కడ చోటు లేదు. రంగుకో పొరగా విడదీసి, ప్రతి పొరలోనూ ఒకే చోట గురుతు పెట్టుకుంటే చాలు, పైన చెప్పిన సాఫ్ట్‌వేర్లన్నీ ఈ పనికి సరిపోతాయి. ఒక జాగ్రత్త: వినైల్ అంటే పీవీసీ. దాన్ని లేజర్ మిషన్లో పెట్టి కోద్దామని మాత్రం ఎవరూ అనుకోవద్దు, హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. మనిషికీ మంచిది కాదు, మిషన్‌కీ తుప్పు.

నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఒక మాట. ఎంఐటీ నుంచి పుట్టిన ఫ్యాబ్ ల్యాబ్‌లలో ఉండాల్సిన యంత్రాల జాబితాలో వినైల్ కట్టర్ ఉంటుంది. అమెరికా బయట మొదటి ల్యాబ్‌లలో ఒకటి 2002లో మన దేశంలోనే, పుణె దగ్గర పాబల్ విజ్ఞాన ఆశ్రమంలో మొదలైంది. ఇలాంటి ల్యాబ్‌లలో పిల్లలు బ్రౌజర్‌లోనే నడిచే ప్రోగ్రాములతో రాగి రేకును కోసి సర్క్యూట్లు చేస్తారు. మిషన్‌కి పంపే గీత తెలిసినవాడికి స్టిక్కర్ ఒక మొదలు మాత్రమే.

కొత్తగా షాపు పెట్టేవాళ్లకు, చేతిలో డబ్బు తక్కువ ఉంటే, నేను చెప్పేది ఇంక్‌స్కేప్, యూనికోడ్ ఫాంట్లు, హెచ్‌పీజీఎల్ అర్థమయ్యే మామూలు కటింగ్ ప్లాటర్. ఫ్లెక్సీ, కార్డుల పని కూడా కలిపి చేసేవాళ్లకు లైసెన్సు ఉన్న కోరెల్. ప్రింట్ అండ్ కట్ వాళ్లకు ఇలస్ట్రేటర్, కంపెనీ ప్లగిన్. ఏది కొన్నా డబ్బు కట్టే ముందు ఒక పని చేయండి. 'శ్రీ లక్ష్మి', 'స్వాతంత్ర్యం' అని మండలి ఫాంట్లో టైపు చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని డీలరు దగ్గరికి వెళ్లండి. ఆయన కంప్యూటర్‌లోనే తెరిపించి, మూడంగుళాల ఎత్తులో కోయించి, మీ చేత్తోనే పీకండి. ఒత్తు అక్షరంతో పాటు నిలిస్తే బిల్లు రాయించండి. ముక్క వేలికి అంటుకుని వస్తే టీ తాగి వచ్చేయండి.